పూజ మరునాటి కంపైలర్

ఏ తప్పూ లేదని చెప్పే కంపైలర్‌ని నేను నమ్మను. తప్పులు చూపించి సతాయించేదానితో ఎలాగో నెట్టుకురావచ్చు; నోరు మెదపకుండా పని ముగించేదాన్ని చూస్తేనే నాకు గుబులు. అప్పట్లో మా ఊళ్లోని బ్రూస్‌పేటలో ఒక కాటాల దుకాణంలో పనిచేసేదాన్ని. లారీని సరుకుతో సహా తూచే పెద్ద కాటాల పక్కన, బరువు అంకెల్లో చూపించే డబ్బా ఒకటి ఉంటుంది. మా దుకాణం ఆ డబ్బాలు తయారుచేసేది. డబ్బాలో నడిచే ప్రోగ్రాం నేను రాసేదాన్ని.

రాసేది దుకాణంలోని కంప్యూటర్ మీద, నడిచేది డబ్బాలో. రెండింటి ప్రాసెసర్లు వేరు, ఆపరేటింగ్ సిస్టమ్‌లూ వేరు. అందుకని కంపైలర్‌కి ముందే చెప్పుకోవాలి: నువ్వు వండేది ఈ వంటింట్లోనే, తినేది మాత్రం ఎదురింట్లో పథ్యం మీదున్న మనిషి అని. ఆ మనిషి ప్రాసెసర్ ఏది, దశాంశాల లెక్క చిప్పే చేసుకుంటుందా ప్రోగ్రామే చేసిపెట్టాలా, లైబ్రరీలు ఏ వెర్షన్‌వి, అన్నీ చెప్పాలి. ఒక్కటి తప్పినా డబ్బా మొరాయిస్తుంది. ఒక్కోసారి మొరాయించకుండా తప్పుగా నడుస్తుంది, అది ఇంకా ఘోరం. కొత్త డబ్బా కోసం ఆ అమరికంతా నేనే చేశాను. దుకాణంలో ఇంకెవరికీ ఆ పని తెలియదు. అది నా బలమని నేననుకున్నాను. మా యజమానికి మాత్రం నా మీద అనుమానం అక్కడే మొదలైంది.

దసరాలో ఆయుధపూజ అయిన మరునాడు కూరెకుప్ప ఊరి దగ్గరి కాటా నుంచి ఫిర్యాదు వచ్చింది. లారీ కాటా మీంచి దిగిపోయాక అంకె సున్నాకి రావాలి, కొన్నిసార్లు రావడం లేదు. తప్పెక్కడో పట్టుకుని, ప్రోగ్రాంలో ఒక లైను మార్చి, కంపైల్ చేసి, దుకాణంలో ఉన్న ఇంకో డబ్బాలోకి ఎక్కించి పంపాను. తీసుకెళ్లింది మా మెకానిక్, యజమానికి స్వయానా బామ్మర్ది. సాయంత్రానికి ఫోన్ వచ్చింది, ఏ మార్పూ లేదని. మళ్లీ మార్చి పంపాను. మళ్లీ అదే కథ.

యజమాని నన్ను పిలిచి, కూర్చోమనకుండానే అన్నాడు.

“సరిచేసినా, సరిచేసినా అంటాండావు. ఆడ చూస్తే ఏమీ మారల్యా. ఈ వారంలో కాకుంటే ఇంగ నువ్వు రావద్దులేమ్మా.”

పని చేతకాదని అంటే పడేదాన్ని. ఆయన అనుమానం అది కాదు. కౌల్ బజార్‌లో మాకు పోటీ దుకాణం ఒకటుంది, నా చిన్ననాటి స్నేహితురాలు అందులో పనిచేస్తుంది. ఆమెతో నేను టీ తాగుతుంటే ఎవరో చూసి చెప్పారు. మా డబ్బా చెడితే లాభం వాళ్లకు కదా. ఆయన టీ ఊసే ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేనే ఎత్తి, మేము మాట్లాడుకున్నది ఆమె పెళ్లి గురించేనని చెప్పుకొచ్చాను. ఆయన ముఖం ఇంకా ముడుచుకుంది. ఉద్యోగం పోతే పోయింది, నమ్మదగిన మనిషి కాదన్న పేరు వస్తే ఈ బజార్లలో ఇంకే దుకాణమూ నన్ను గడప తొక్కనివ్వదు.

ఇది చాలదన్నట్టు, పూజ రోజు నేను యంత్రాలకు దండం పెట్టలేదని మెకానిక్ ఎవరితోనో అంటుంటే నా చెవిన పడింది. మాది మిషన్ చర్చి కుటుంబం. పూజ జరిగినంతసేపూ గుమ్మం పక్కన నిలబడి, స్వీటు తిని ఇంటికెళ్లడం నాకు ఏటా మామూలే. అంతకుముందు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

దాంతో నా అనుమానాలు నేనూ మొదలుపెట్టాను. మొదట కంపైలర్ మీద. ప్రాసెసర్ పేరు, దశాంశాల సంగతి, లైబ్రరీలు, ఒక్కో అమరికా మళ్లీ చదివాను. అన్నీ సరిగానే ఉన్నాయి. ఇక మిగిలింది మెకానిక్. పాత డబ్బాలంటే ఆయనకు ప్రాణం. దారిలో నా ప్రోగ్రాం తీసేసి పాతదాన్ని ఎక్కిస్తున్నాడని తేల్చేసుకున్నాను. రుజువు కోసం, స్విచ్ వేయగానే డబ్బా చూపించే వెర్షన్ నంబరు మార్చాను. కంపైల్ చేశాను. డబ్బాలోకి ఎక్కించి ఆయన చేతికి ఇచ్చేముందు, ఎందుకో మనసు ఒప్పక, నేనే స్విచ్ వేసి చూశాను.

పాత నంబరే వచ్చింది. డబ్బాను అప్పటికింకా ఆయన ముట్టుకోనే లేదు.

అప్పుడు ఫైళ్ల తేదీలు చూశాను. ఆ పొద్దు నేను మార్చిన ఫైలు మీద ఎన్నో ఏళ్లనాటి జనవరి తేదీ ఒకటి ఉంది. కంపైల్ చేసే వ్యవస్థ తేదీలనే నమ్ముతుంది; ఫైలు తేదీ కిందటి తయారీ కంటే కొత్తదైతేనే మళ్లీ కంపైల్ చేస్తుంది. నేను రాసినది పాతదనీ, పండుగకు ముందు తయారైనదే కొత్తదనీ లెక్కేసి, చెయ్యాల్సిన పనేమీ లేదని రోజూ ఊరుకుంది. గడియారం తేడాగా ఉందని ఒక హెచ్చరిక వస్తూనే ఉంది. కంపైలర్ పెట్టే నసలో అదీ ఒకటనుకుని వదిలేశాను.

కంప్యూటర్‌లో గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. మా దుకాణంలో ఆ కంప్యూటర్‌ని ఏడాది పొడుగునా ఆపరు గనుక ఎవరికీ తెలియలేదు. ఆయుధపూజ రోజు మాత్రం యంత్రాలకు విశ్రాంతి. మెయిన్ స్విచ్ తీసి, కుంకుమ బొట్లు పెట్టి, తెల్లారేదాకా ఏదీ ముట్టుకోరు. మరునాడు లేచిన కంప్యూటర్‌కి ఇది ఏ ఏడాదో తెలియదు. నెట్ ఉంటే అడిగి తెలుసుకునేది. ప్రోగ్రాం బయటికి పోతుందేమోనని యజమాని అంతకుముందు ఎండాకాలంలోనే నెట్ వైరు పీకేశాడు.

నిజం దొరికిందన్న సంతోషం లేదు, భయమేసింది. దండం పెట్టని మనిషి వెళ్లి, గొడవ పూజ రోజు నుంచే మొదలైందని ఎలా చెప్పాలి? చెప్పకపోతే ఉద్యోగం లేదు. వెళ్లి, తేదీలు చూపించి చెప్పాను.

“అంటే మా పూజతో చెడిందంటావా?” అన్నాడాయన.

“పూజతో కాదన్నా. బ్యాటరీ చచ్చిపోయుండాది. నెట్ వైరు ఉండింటే టైము దానంతట అదే సరిచేసుకుంటాండె. ఆ వైరు మీరు తీసింది నా మీద అనుమానంతోనే కదా.”

బామ్మర్దిని పంపి కొత్త బ్యాటరీ తెప్పించాడు. పాత తయారీలన్నీ చెరిపేసి మొదటి నుంచి కంపైల్ చేశాను. కూరెకుప్పలో లారీ దిగగానే అంకె సున్నాకి వచ్చిందని ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది. యజమాని నవ్వాడు, నాకు కాఫీ తెప్పించాడు, రేపు పొద్దున్నే రమ్మన్నాడు. ఆ ఊపులో, మరి నెట్ వైరు కూడా పెట్టేద్దామా అని అడిగాను.

“వైరు మాత్రం వద్దులేమ్మా. టైము తప్పితే చేత్తో పెట్టేకి వస్తాది కదా?”

వస్తాదన్నాను. కాఫీ సగంలోనే పక్కన పెట్టేశాను. ఎలా పెట్టాలో చూపించమన్నాడు. ఆయన వెనకే నిలబడి నా వేళ్లనే చూస్తుంటే, ఆనాటి తేదీ టైప్ చేశాను.