గాజు పెచ్చు

సీసాను రెండోసారి కడుగుతుంటే వేలికి తెలిసింది. మూతి అంచు ఒకచోట లేదు.

వెర్డీ బ్లాంటన్ వేలు ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ తడిమింది. బియ్యపు గింజంత గాజు ఊడిపోయి ఉంది. ఊడినచోట పదునుగా ఉంది.

పొద్దుట మూత బిగుసుకుపోయి రాలేదు. ఎప్పటిలాగే కత్తి వెనకవైపుతో సీసా మూతి చుట్టూ తట్టింది. నాలుగో దెబ్బకు టిక్కుమని చప్పుడైంది. మూత వదులైందనుకుంది. తీపి ఎర్రమిరప ముక్కల రసం వంచేసి, ముక్కల్ని చీజ్ తురుములో పోసి కలిపింది.

ఆ చీజ్ ఇప్పుడు చర్చిలో ఉంది. నాలుగు డజన్ల శాండ్‌విచ్ ముక్కల మధ్య, తడిగుడ్డ కింద, హోయిట్ లెడ్‌బెటర్ అంత్యక్రియల భోజనం కోసం ఎదురుచూస్తోంది.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని నేల తడిమింది. బల్ల తడిమింది. తొట్టి అడుగు, మూత లోపల, చెత్తబుట్ట, ఏప్రాను మడతలు, అన్నీ తడిమింది. పెచ్చు ఎక్కడా లేదు.

అది 1961 అక్టోబరు, సౌత్ కారొలినాలో ఒక బట్టల మిల్లు వాడ. వెర్డీ పన్నెండో ఏట ఆ మిల్లులోకి వెళ్లి అరవై రెండో ఏట బయటికి వచ్చింది. అందులో ముప్పై ఏళ్లు బట్ట తనిఖీ గదిలోనే గడిచాయి. బట్ట చేతుల కింద ప్రవహిస్తూ పోయేది. పోగు తెగినా, వెంట్రుకంత ముడి పడినా కన్ను చూసేలోపే వేలు పట్టేది. కొత్తగా చేరిన పిల్లలు ఆమె చేతుల్ని చూడటానికి వచ్చేవాళ్లు.

ఆమె పెళ్లి చేసుకోలేదు. ఆ వాడలో ఎవరు పోయినా వెర్డీ చీజ్ వెళ్లాలి. అది ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తు లేదు. కొట్లో చక్రంలా ఉండే పెద్ద దిమ్మ నుంచి బాగా మగ్గిన చీజ్ కోయించి తెస్తుంది. చేత్తో తురుముతుంది. మయొనైజ్, చిటికెడు కారం, ఎర్రమిరప ముక్కలు. ఎక్కువ మెదపదు, తురుము తురుములాగే ఉండాలి. అంచులు కోసేసిన బ్రెడ్డు మీద గోరంత మందాన రాస్తుంది. ఖాళీ అయిన సీసాలు కడిగి దాచుకుంటుంది. ఒక దాంట్లో గుండీలు, ఒక దాంట్లో విత్తనాలు. ఈ సీసాను కూడా అందుకే కడిగింది.

రెండు చలికాలాల కింద చూపు నడిమిలో బూడిదరంగు మచ్చ వచ్చింది. అది పెరుగుతోంది. అంచుల్లో మాత్రం ఇంకా లోకం ఉంది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అక్క డెల్లాకు ఇలాగే మొదలైంది. డెల్లా చెప్పింది. చెప్పిన మూడో నెలలో ఆమె పొయ్యి తీసేశారు, ఆరో నెలలో వృద్ధాశ్రమంలో కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. చూడలేని కిటికీ పక్కన ఆమె నాలుగేళ్లు కూర్చుంది.

వెర్డీ టెలిఫోను ఎత్తింది. ఆ లైను మీద ఇంకో నాలుగిళ్లున్నాయి. ఎవరు మాట్లాడినా నలుగురూ వింటారు. గాజు ఊడితే కనబడలేదా వెర్డీ, అంటారు. పెట్టేసింది. మళ్లీ ఎత్తింది. ఈసారి ఎవరో అప్పటికే మాట్లాడుకుంటున్నారు, పూలదండల గురించి. పెట్టేసింది.

సీసాను ఏప్రాను జేబులో వేసుకుని బయటపడింది.

రైలు పట్టాల దాకా నూట పన్నెండు అడుగులు. పట్టాలు దాటాక తొంభై. చర్చికి ఏడు మెట్లు, వంటగదికి పక్క తలుపు. రోజూ తప్పని లెక్క ఆ రోజు రెండుసార్లు తప్పింది. రెండోసారి పట్టా తగిలి తూలింది. ఇంకా పదకొండే, భోజనం మధ్యాహ్నం ప్రార్థన అయ్యాకే అని తనకు తాను చెప్పుకుంటూ నడిచింది.

చర్చి వంటగది విల్మా గాడిస్ రాజ్యం.

"ఏమే వెర్డీ, శవం ఇంకా ఇల్లు కదల్లేదు, నువ్వప్పుడే భోజనానికి తయారయ్యావా?"

"నా శాండ్‌విచ్‌లు పెట్టకు."

"ఎందుకని?"

"మయొనైజ్ చెడిపోయింది."

"నీ చేతి చీజ్ చెడిపోవడమా? ముప్పై ఏళ్లలో నేనెరగను. ఏదీ చూడనీ."

గుడ్డ ఎత్తిన చప్పుడైంది. వెర్డీ ఆ చప్పుడు వైపు చెయ్యి విసిరి విల్మా మణికట్టు పట్టుకుంది.

"నోట పెట్టకు! పాతిపెట్టించెయ్. పందులక్కూడా వెయ్యకు."

"అమ్మ తల్లీ, కలిపింది మయొనైజా, ఎలకల మందా? చెయ్యి వదులు, విరిచేస్తావు."

వెర్డీ వదిలింది. వేళ్లు పళ్లెం మీద వరసల్ని తడిమాయి. మూల ఖాళీగా తగిలింది.

"ఇక్కడ నాలుగు లేవు."

"కోరీకి పంపించా. మంగళవారం మొగుడు పోయిన దగ్గర్నుంచీ మంచినీళ్లు తప్ప ముట్టలేదట. ప్రార్థనలో పడిపోతే ఎవరు మోస్తారు, నువ్వా?"

"ఎప్పుడు పంపావ్?"

"అరగంటైంది. వెర్డీ! ఎక్కడికే?"

లెడ్‌బెటర్ల ఇల్లు రెండు వీధుల అవతల. దానికి అడుగుల లెక్క లేదు. ఆమె కంచెలు పట్టుకుంటూ నడిచింది. అరుగు మీద మగవాళ్లు టోపీలు తీసి పక్కకు జరిగారు. ముందు గదిలో పూల వాసన, మైనపు వాసన. పెట్టెలో హోయిట్ ఉన్నాడు. ఆమెకు పెట్టె అంచు మెరుపు మాత్రమే కనిపించింది. దాని పక్కనుంచి వంటగదిలోకి వెళ్లింది.

కోరీ ఒక్కతే ఉంది. వెర్డీ కన్నా పదేళ్లు చిన్నది.

"వెర్డీ అక్కా, రా. నీ చీజే తింటున్నా. మూడు రోజుల్లో గొంతు దిగింది ఇదొక్కటే."

"ఎన్ని తిన్నావ్?"

"ఒకటి. రెండోది సగం. ఏం, తిరిగిచ్చెయ్యమంటావా?"

మయొనైజ్ మాట నాలుక మీద సిద్ధంగా ఉంది. విల్మాతో చెల్లింది, ఇక్కడా చెల్లుతుంది. పళ్లెం తీసుకుని వెళ్లిపోవచ్చు. కానీ గాజు లోపలికి పోయి ఉంటే? సాయంత్రం కోరీ కడుపు పట్టుకుంటే దుఃఖం అనుకుంటారు. పడుకోమంటారు. డాక్టరుకు ఏం చెప్పాలో ఎవరికీ తెలియదు, వెర్డీకి తప్ప.

"అది కింద పెట్టు, కోరీ. దాంట్లో గాజు ఉంది."

కోరీ నవ్వబోయి ఆగింది. చెయ్యి గొంతు మీదికి పోయింది.

"సీసా మూతి పెచ్చు ఊడింది. ఇంట్లో ఎక్కడా దొరకలేదు. ఎక్కడన్నా గుచ్చుకుందా? రక్తం రుచి తగిలిందా?"

"లేదు. ఏమో, తెలీదక్కా. మూడు రోజులుగా నాకేదీ తెలియట్లేదు." కోరీ పళ్లెం పక్కకు తోసింది. "ఇంత గాజు పడితే నువ్వు చూళ్లేదా?"

వెర్డీ తొట్టి దగ్గరికి వెళ్లింది. చేతులు కడుక్కుంది. కూర్చుని పళ్లెం దగ్గరికి లాక్కుని కళ్లు మూసుకుంది. మూసుకుంటే ఆ బూడిదరంగు అడ్డం రాదు.

ముట్టని ముక్క ఒకటి విప్పింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చీజ్‌ను కొంచెం కొంచెంగా నలిపింది. తురుము మెత్తగా, మిరపముక్క జారుడుగా తగిలాయి. ఇంకేం లేదు. రెండోది విప్పింది. అందులోనూ లేదు. అరుగు మీద ఎవరో దగ్గారు. గోడ గడియారం కొట్టుకుంటోంది.

మిగిలింది సగం కొరికిన ముక్క. అందులో లేకపోతే అది చర్చి పళ్లెంలో ఉండాలి, లేదా కోరీ కడుపులో.

వేలికి ముందు పంటిగాటు తగిలింది. గాటు వెంబడి నెమ్మదిగా వెళ్లింది. వెనక్కి వచ్చింది. గోరంత లోపలికి జరిగింది.

వేలు ఆగింది.

బట్టలో ముడి దొరికితే చేతికి తెలిసే తెలివిడి అది. ఆమె ఊపిరి బిగబట్టి దాన్ని చీజ్ లోంచి లాగి, అరచేతిలో పెట్టి చాచింది.

"ఇదేనా?"

కోరీ తన పంటిగాటుకూ గాజు దొరికిన చోటుకూ మధ్య ఎంత దూరమో చూస్తోంది.

"ఇదేనా కోరీ? గాజేనా?"

"నీ అరచేతిలోనే ఉంది కదక్కా, మెరుస్తూ."

వెర్డీ తల వంచుకుంది.

"నాకు కనబడదు."

అరుగు మీద దగ్గు ఆగింది. ఎవరైనా విన్నారేమోనని ఆమె చెవి ఆ వైపు పెట్టింది. కోరీ లేచి వెళ్లి తలుపు వేసింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండు చలికాలాలు."

"విల్మాకి తెలుసా?"

"తెలిస్తే ఈపాటికి వాడంతా తెలిసేది."

"అదీ నిజమే."

వెర్డీ జేబులోంచి సీసా తీసింది. "పెట్టి చూడు. పూర్తిగా సరిపోవాలి. ఇంకో ముక్క విరిగి ఉంటే..."

కోరీ కిటికీ దగ్గర నిలబడి పెచ్చును కడిగి ఖాళీలో అమర్చింది. అది రెండుసార్లు జారింది. మూడోసారి నిలిచింది.

"సరిపోయింది."

"నన్ను చూడనీ."

కోరీ పెచ్చును అలాగే అదిమి పట్టుకుంది. వెర్డీ లేచి వచ్చింది. ఆమె వేలు దాని మీదుగా వెళ్లింది, గోరు అంచు అతుకు వెంట నడిచింది. ఎక్కడా ఇసుక రేణువంత సందు కూడా లేదు. అప్పుడు తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది.

భయం పోలేదు, చోటు మారింది. ఇప్పుడు ఈ ఇంట్లో ఒక మనిషికి తెలుసు.

కోరీ పళ్లెం తుడిచేసింది. ఆమె ఏడుస్తోందో లేదో వెర్డీకి తెలియలేదు.

"ఎవరితోనన్నా చెబుతావా?" అని అడిగింది వెర్డీ.

"చెబితే వచ్చేసారి ఎవరు చేస్తారు? విల్మా చీజ్ తిన్నావా ఎప్పుడైనా? గోడకి రాసుకోవాలి దాన్ని." ముక్కు చీదింది. "సీసా మూతలు మాత్రం ఇకనుంచి నేను తీస్తా. తీసి, చూసి, నీకిస్తా. ఇష్టం లేదంటే ఇప్పుడే చెప్పు."

వెర్డీ చెప్పలేదు.

మధ్యాహ్నం శవపేటిక వెనకాల ఇద్దరూ నడిచారు. భర్త పోయిన ఆడదాన్ని ఎవరో ఒకరు రెక్క పట్టుకుని నడిపించాలి, ఆ పని వెర్డీ చేస్తోందనుకున్నారు చూసినవాళ్లు. తలుపు దగ్గర విల్మా నిలబడి ఉందని గొంతు వినబడి తెలిసింది. వెర్డీ వేళ్లు కోరీ చేతిలోకి దిగబడ్డాయి. చర్చి మెట్ల ముందు ఆగి, పెదవులు కదలకుండా ఒకటి అని మొదలుపెట్టింది.

"లెక్కపెట్టకక్కా, నేను చెబుతాగా" అంది కోరీ చిన్నగా. "మెట్టు."