ఆరడుగుల రంపం

1948 సెప్టెంబరు చివర్లో నేను మెదక్‌లో రహదారుల సబ్ ఓవర్సీరును. అంటే ఓవర్సీరుకు కింద, మేస్త్రీకి పైన. పోలీసు చర్య ముగిసి రెండు వారాలు కాలేదు. సైన్యం రాకుండా దారులకు అడ్డంగా కూల్చిన చెట్లను తొలగించడం మా పని. రేగోడ్ దారిలో ఒక చింతమాను మిగిలిందని, ఎద్దు పొడిచిన రైతును దవాఖానకు తెస్తున్న బండి దాని అవతలే ఆగిపోయిందని పొద్దున్నే కబురొచ్చింది.

స్టోరులో ఇద్దరు చెరోవైపు పట్టి లాగే రంపాలు రెండున్నాయి: నాలుగున్నర అడుగులది, ఆరడుగులది. మాను అడ్డుకొలత మూడడుగులట. మానుకంటే పొడుగుంటే చాలని లెక్క చెప్పి చిన్నది తీశాను. అసలు కారణం వేరు. ఊరి చివరి నాకాలో సైనికులు ఆయుధాల కోసం బండ్లు వెతుకుతున్నారు. రంపాన్నీ ఆయుధమంటారని నా భయం. చిన్నదైతే బండిలో గడ్డి కింద ఇముడుతుంది.

కోతపనిలో తలపండిన మల్లయ్య ఊరుకోలేదు.

"సారూ, గా పెద్దది పెట్టుండ్రి. గిది గుంజనీకె జాగుండది."

కొలతల పుస్తకం చూపించాను.

"పుస్తకమొచ్చి గుంజుతదా?" అంటూ బండెక్కాడు.

నాకాలో సైనికుడు గడ్డిని కర్రతో ఒకసారి పొడిచి వదిలేశాడు.

మల్లయ్య, ఇంకో కూలీ కలిసి గంట కోశారు. మాను నడిమికి చేరేసరికి రంపం ఆడడానికి అడుగున్నరే మిగిలింది. పళ్ల సందుల్లోని పొట్టు బయటికి రాలేదు. వానకు నానిన చెక్క రంపాన్ని పట్టేసింది. రైతు భార్య అవతలి నుంచి రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అర్ధగంట అన్నాను. మూడోసారి ఆమె అడగలేదు, అరిచింది.

"చెట్టు తర్వాత కోసుకుందురు గని సారూ, ముందుగాల మా ఆయనను గిటు దాటియ్యుండ్రి!"

నాకు తోచనే లేదు. నన్ను పంపింది దారి తెరవడానికి కదా. బండి పలక మీద పడుకోబెట్టి నలుగురం అతణ్ణి మాను దాటించాం. మా బండిలో మల్లయ్య దవాఖానకు తోలుకెళ్లాడు. మధ్యాహ్నం ఆరడుగుల రంపాన్ని బండిమీద బాహాటంగా పెట్టుకొని తిరిగొచ్చాడు. నాకాలో ఏమన్నారని అడిగాను.

"గిదేందని అడిగిండ్రు. కట్టె కోసి సూపిచ్చిన. నవ్విండ్రు."

సాయంత్రానికి దారి తెరుచుకుంది. రైతు బతికాడు. ఇంకో గంట ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు అన్నాడట.

ఆ తర్వాత రంపం ఎంచేటప్పుడు డైరీలో రెండే కొలతలు రాసేవాణ్ణి: మాను అడ్డుకొలత, దానిపైన గుంజడానికి మూడడుగులు. దారిలో నాకా ఉందా లేదా అన్నది ఆ లెక్కలోకి రాదు.