బూడిదరంగు దారం

మా ఆయన సిరిల్ ట్రాంటర్ ఈ ఫిబ్రవరిలో పోయాడు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఖననం రోజున చాలామంది వచ్చి, హామ్ శాండ్‌విచ్‌లు తిని, మంచి చెప్పి వెళ్ళారు. నేను జరిగింది చెబుతాను.

కవెంట్రీ దగ్గర ఆర్డెన్ స్పోర్ట్స్ కార్ల ఫ్యాక్టరీలో ఇద్దరం పనిచేశాం. నేను మెషీన్ మీద సీట్ల తోలు కుట్టేదాన్ని. అతను ఆ సీట్లని కార్లలో బిగించేవాడు. పంతొమ్మిదివందల అరవై ఏడు వసంతంలో ఒకసారి నల్లదారం అయిపోయింది. లారీ రాలేదు. మా మేస్త్రమ్మ మిసెస్ బెడ్డోస్ బూడిదరంగు దారం కండెలు తెచ్చి పడేసింది. "కారు నడిచేది దారం మీద కాదు, కుట్టండమ్మా!" ఒకటిన్నర రోజు ఆ దారంతోనే కుట్టాం. కుట్టు ముగిసేచోట అందరూ మూడు కుట్లు వెనక్కి వేసేవాళ్ళు, నేను నాలుగు.

"దారమేమన్నా మీ నాన్న సొమ్మా పిల్లా, అన్ని వేస్తావు?" అన్నాడు సిరిల్.

"నా కుట్టు ఊడితే తిట్లు తినేది బిగించినవాడివి నువ్వే. నీ మీద జాలి."

మాటలు అలా మొదలయ్యాయి. మరుసటేడు పెళ్ళి.

ఫ్యాక్టరీ మూతపడింది. చాలా ఏళ్ళకి కెనిల్‌వర్త్ దగ్గర ఒక రైతు కొట్టంలో, గడ్డిమోపుల వెనక ఎర్ర ఆర్డెన్ కారు కనిపించింది సిరిల్‌కి. నడుముకి కట్టుకున్న ఏప్రన్ కూడా విప్పనివ్వకుండా నన్ను లాక్కెళ్ళాడు. "పక్క సీటు మీద చెయ్యి పెట్టి చూడు." బూడిదరంగు దారం. చివర నాలుగు కుట్లు. "నీదేనే!" అని ఏడ్చాడు. ఆ ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు పనిచేసినదాన్ని. నా పేరు ఏ కాగితం మీదా లేదు. నేనక్కడ ఉన్నాననడానికి సాక్ష్యం ఆ దారమొక్కటే.

ఆ కారు కొని ఇంటికి తెచ్చాక సిరిల్‌కి కొత్త మతం పట్టింది. ఫ్యాక్టరీ పెట్టనిది ఏదీ కారులో ఉండకూడదు. నా నడుము నొప్పికి చిన్న దిండు పెట్టుకుంటానన్నా ఒప్పుకోలేదు. పక్కింటి డెరిక్ తన పాత కారుకి కొత్తకాలం గేర్‌బాక్స్, రేడియో పెట్టించుకున్నాడు.

"అది కారా, బొంతా?" అని వెక్కిరించేవాడు సిరిల్.

"నా బొంత వానలో స్టార్టవుతుందయ్యా. నీ మహారాణి అవుతుందా?" అనేవాడు డెరిక్.

నేను నవ్వేదాన్ని. సిరిల్ పిచ్చి నా మెడకే చుట్టుకుంటుందని అప్పుడు తెలియలేదు.

ఒక వేసవిలో పాత కార్ల క్లబ్బువాళ్ళ పోటీకి వెళ్ళాం. ఏ కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉందో చూసి మార్కులు వేసే హాడో గారు ఇన్సూరెన్సులో పనిచేసి రిటైరైన మనిషి. ఆర్డెన్ కార్ల మీద పుస్తకం రాశాడు. ఫ్యాక్టరీ గడప మాత్రం ఏనాడూ తొక్కలేదు. నా సీటుని పెన్నుతో తట్టి, "ఇది తర్వాత మార్చింది. అసలుది నల్లదారం" అన్నాడు.

"అయ్యా, అది కుట్టింది నేనే. నల్లదారం అయిపోయిన వారంలో."

పసిపిల్లని చూసినట్టు చూసి నవ్వాడు. "మీ జ్ఞాపకాలు ముచ్చటగానే ఉన్నాయమ్మా. కానీ పుస్తకంలో లేదు."

"పుస్తకం రాసిందెవరు?"

"నేనే."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సిరిల్ వైపు చూశాను. అతను మార్కుల కాగితం చూస్తున్నాడు.

ఇంటికొచ్చి అన్నాడు: "నల్లదారంతో నువ్వే మళ్ళీ కుట్టెయ్యరాదూ? అదీ నీ కుట్టే కదా."

"ఉన్నది నాదేగా?"

"నలభై ఏళ్ళ కిందటి మాట ఈనిడ్. నీకు గుర్తు తప్పి ఉండొచ్చు."

కొట్టంలో ఏడ్చినవాడే ఈ మాటన్నాడు.

రగ్బీ ఊళ్ళో మా అక్క దగ్గర మూడు రోజులుండి వచ్చేసరికి సీటు నిండా నల్లదారం. సిరిల్ ఎవరో షాపువాడితో కుట్టించేశాడు. మరుసటేడు 'అసలైనది' అని సర్టిఫికెట్ ఇచ్చారు. దాన్ని మా పెళ్ళిఫోటో పక్కన తగిలించాడు.

నేను మళ్ళీ ఆ కారెక్కలేదు.

"రావే, అలా వెళ్ళి టీ తాగి వద్దాం" అనేవాడు ప్రతి ఆదివారం.

"నా సీటు లేదుగా. నీ పుస్తకాన్ని కూర్చోబెట్టుకో."

ఒక్కడే వెళ్ళేవాడు. నాకోసం టీతో తినే స్కోన్ రొట్టె ఒకటి కాగితంలో చుట్టి తెచ్చేవాడు. పిచ్చుకలకి వేసేదాన్ని. రెండు వేసవులు అలా గడిచాయి. ఆ తర్వాత ఫిబ్రవరి.

పోయిన నెల హాడో గారు పూలు పట్టుకుని వచ్చాడు. కారుని ప్రదర్శనకి ఇమ్మన్నాడు. తలుపు తీసి నా సీటు నిమిరాడు.

"ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉందమ్మా. మరెవరి చెయ్యీ పడలేదు."

వంటింట్లోంచి కత్తెర తెచ్చాను. అతని కళ్ళముందే మొదటి కుట్టు తెంపాను.

"అయ్యయ్యో, ఏం చేస్తున్నారు! మార్కులు పోతాయి!"

"మీరే వేశారుగా, మీరే తీసుకుపోండి. ఆ గోడమీది కాగితం కూడా."

తోలు తన మీద పడ్డ సూదిపోటు మర్చిపోదు. నల్లదారం లాగేస్తే, షాపువాడు పొడిచిన బెజ్జాల పక్కనే నావి ఉన్నాయి. వంకర సూదితో, బూడిదరంగు దారంతో, ఆ పాత బెజ్జాల్లోంచే ఆరు రోజులు చేత్తో కుట్టాను. వేళ్ళు వాచాయి. చివర నాలుగు కుట్లు వెనక్కి వేశాను.

ఆదివారం నడుము వెనక దిండు పెట్టుకుని కారులో నా సీట్లో కూర్చున్నాను. పక్కన స్టీరింగు, ఖాళీ సీటు.

"తప్పు నీదే సిరిల్" అన్నాను.

ప్రతి మాటకీ ఎదురు చెప్పే మనిషి. ఇప్పుడు చెప్పడేం? నాకింకా కోపం వచ్చింది.