మైసమ్మ శూలంలో కరెంటు

జగిత్యాల కొత్త జిల్లా అయిన మరుసటి ఏడు, వానాకాలం మొదట్లో, నన్ను మెట్‌పల్లి వైపు ఒక సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. ఏఈ ఆపరేషన్ అంటే విద్యుత్ శాఖ ఇంజనీర్లలో అన్నిటికన్నా కింది మెట్టు. పైన ఏడీఈ, ఆయన పైన డీఈ, జిల్లా అంతటికీ ఎస్ఈ. వాన నీళ్లు పల్లానికి చేరినట్టు కాగితాలన్నీ చివరికి ఏఈ బల్ల మీదికే చేరతాయి. అంతకుముందు ఉట్నూర్ ఏజెన్సీలో చాలా ఏళ్లు చేశాను. అక్కడ అడవిలో తీగ తెగితే జీపు వేసుకుని పోయి వెతుక్కోవడమే పని, ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. మెట్‌పల్లి వైపు పసుపు పండుతుంది, దుబాయి పైసలు వస్తాయి, వాటితోపాటు ప్రశ్నలూ వస్తాయి.

చేరిన కొద్ది రోజులకే ఒక అర్జీ వచ్చింది. సోమవారం సోమవారం కలెక్టర్ దగ్గర జరిగే ప్రజావాణిలో ఒక ఆడమనిషి ఇచ్చుకున్నది. పేరు రాజవ్వ. బీడీలు చేస్తుంది, రెండిళ్లలో గిన్నెలు తోముతుంది. ఊరి పేరు రాయను, ఆ గుడి ఇంకా ఉంది, ఆ జనమూ ఉన్నారు. అర్జీలో ఎక్కువ మాటలు లేవు. "మా ఊరి మైసమ్మ శూలం పట్టుకుంటే కొడుతున్నది. కొట్టేది అమ్మనా, కరెంటా సర్కారు తేల్చాలె. వచ్చే మంగళారం లోపల తేల్చాలె."

కలెక్టరేటులో గుమాస్తా 'కరెంటు' అన్న మాట చూసి మా శాఖకు పంపాడు. 'అమ్మ' అన్న మాట మీద కన్ను పడి ఉంటే అది దేవాదాయ శాఖకు పోయేది, నా బతుకు నేను బతికేవాణ్ణి. ఎస్ఈ గారు "పరిశీలించి నివేదిక పంపండి" అని రాశారు. డీఈ గారు "స్వయంగా" అన్న మాట చేర్చారు. ఏడీఈ గారు "వెంటనే" అని చేర్చి, "రెండు అంశాల మీద" అని కింద గీత కూడా గీశారు. మైసమ్మ ఉందా లేదా అన్న విచారణ ఆ విధంగా సక్రమ మార్గంలో నాకు అప్పగించబడింది.

గుడి ఊరి అవతలి కొసన. తోవలో రాజవ్వ ఇల్లు తగిలితే ముందు అక్కడ ఆగాను. వాకిట్లో చాట ముందేసుకుని బీడీలు చుడుతోంది. నలభై దాటిన మనిషి. ఆమె చెప్పిన సంగతి ఇది. ఆమె పనిచేసే ఇళ్లలో ఒకటి గంగారెడ్డిది. ఆయన భూమి ఉన్న రైతు, గుడి కమిటీకి పెద్ద. దుబాయిలో ఉన్న కొడుకు తన భార్యకు పంపిన గొలుసు కనిపించకుండా పోయింది. రాజవ్వ మీద అనుమానం. మంగళవారం ఆమె మైసమ్మ శూలం పట్టుకుని ప్రమాణం చెయ్యాలి. అమ్మ కొట్టకపోతే నిర్దోషి. కొడితే ఊరు బంద్. అంటే ఎవరూ పనికి పిలవరు, దుకాణంలో ఉప్పు కూడా ఇవ్వరు, ఆమెతో మాట్లాడినవాళ్లకు జుర్మానా.

అమ్మ మీద నమ్మకం లేదా అని అడిగాను.

"అమ్మ ఉన్నదో లేదో అని నాకు ఫికర్ లేదు సారూ. నేను తియ్యలేదని అమ్మకు ఎరుకే. మరి గంత ఎరుకున్నామె మా మరిదిని ఎందుకు కొట్టింది? పోయినేడు మోటర్ దొంగతనం చేసిండని శూలం పట్టిచ్చిన్రు. కొట్టింది. ఎగిరి కింద పడ్డడు. ఊరు బంద్ పెట్టిన్రు. ఎండకాలం బాయి ఎండితే మోటర్ గా బాయిలనే దొరికింది. మరిది గప్పటికే మస్కట్ పోయిండు."

శూలం పట్టుకునే పద్ధతి ఏమిటని అడిగాను. గుడి ముందరి బోరింగు కింద తల మీంచి నీళ్లు పోసుకుని, తడిబట్టలతో వచ్చి పట్టుకోవాలట. మన దగ్గర ప్రమాణమంటే తడిబట్టలతోనే కదా. నాకు అక్కడే సగం అర్థమైంది. భయం కూడా అప్పుడే మొదలైంది. మరిది కింద పడి లేచాడు, అది ఎండపూట. ఇప్పుడు వానలు పడుతున్నాయి. ఈసారి పడ్డ మనిషి లేవకపోవచ్చు.

గుడి చిన్నది. ముందర రేకుల షెడ్డు, ఇనుప గ్రిల్లు, సిమెంటు గద్దె మీద గ్రిల్లుకే అతికించిన శూలం. లైట్లకూ మైకుకూ మీటరు లేదు. స్తంభం మీది తీగకు నేరుగా కొక్కెం తగిలించుకున్నారు. ఆ తీగ రేకు అంచు మీదుగా లోపలికి పోతుంది. గాలికి ఊగి ఊగి, రేకు కోసి, పైతొడుగు పోయి రాగి కనబడుతోంది. ఫేజు రేకుకు, రేకు గ్రిల్లుకు, గ్రిల్లు శూలానికి. ఎర్తింగు అన్నది లేదు. మామూలు భక్తులు గద్దె ఎక్కరు, శూలాన్నీ గ్రిల్లునీ ముట్టరు. పూజారి మల్లయ్య రోజూ ముడతాడు గాని, చెక్కపీట మీద నిలబడి ముడతాడు. తనకు ఏనాడూ ఏమీ కాలేదని, అమ్మకు తనమీద దయ అని చెప్పాడు. పీటకు దండం పెట్టుకోమని చెబుదామనుకుని ఊరుకున్నాను.

పరీక్ష మొదలుపెట్టడానికే ఒక చిక్కు వచ్చింది. చెప్పులు లేకుండా కరెంటు పని ముట్టరాదని మా శాఖ నియమం. చెప్పులతో గద్దె ఎక్కరాదని మైసమ్మ నియమం. చివరికి రబ్బరు చాప పరిచి, దాని మీద ఒట్టికాళ్లతో నిలబడి, ఉభయుల మర్యాదా కాపాడాను. నా వెంట వచ్చిన లైన్‌మన్ ముందు దండం పెట్టి, తర్వాత టెస్టర్ ఇచ్చాడు. అప్పటికి గంగారెడ్డితో సహా ఊరు సగం అక్కడ చేరింది. శూలానికి టెస్టర్ ఆనించాను. లోపలి బుడ్డి ఎర్రగా వెలిగింది.

"చూసిన్రా!" అని మల్లయ్య అరిచాడు. "మిషన్ల సుత అమ్మ కనవడ్డది!"

ఆడవాళ్లు పూనకం వచ్చి శిగమూగినంత పని చేశారు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ముప్పై ఏళ్ల సర్వీసులో నా టెస్టర్‌కు బొట్టు పెట్టడం అదే మొదటిసారి.

నేను పట్టు విడవలేదు. లైన్‌మన్‌ను పంపి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి స్విచ్ దింపించాను. ఊరికి కరెంటు పోయింది. మళ్లీ శూలానికి టెస్టర్ పెడితే వెలగలేదు. స్విచ్ ఎక్కించాం, వెలిగింది. దింపాం, ఆరింది. ఇంతకంటే రుజువు ఏం కావాలని జనం వైపు తిరిగాను. గంగారెడ్డి నెమ్మదస్తుడు, గొంతు పెంచలేదు.

"సార్, కరెంటు తీస్తె మా ఇంట్ల టీవీ బంద్ అయితది. గంతమాత్రాన టీవీల మాట్లాడేటోడు లేడంటమా? అమ్మకు కరెంటు తొవ్వ అయితే ఉండచ్చు గదా."

ఇంజనీరింగు డిప్లొమాలో దీనికి జవాబు చెప్పలేదు. పైగా నేనూ వేములవాడకు పోయి రాజన్నకు కోడె కట్టి మొక్కు తీర్చుకుని వచ్చే మనిషినే, గట్టిగా దబాయించే మొహం నాకు లేదు. అనుమతి లేని తీగ నేరమని, మనిషి చస్తే కమిటీ పెద్ద మీద కేసు అవుతుందని మాత్రం చెప్పాను. టీవీ తత్వం కన్నా ఆ ముక్క త్వరగా ఎక్కింది. మీటరుకు దరఖాస్తు పెట్టారు.

మరునాడే సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకుని, అంటే మేం చెప్పేదాకా ఆ లైనులో కరెంటు వదలబోమని వాళ్ల మాట తీసుకుని, కొక్కెం పీకించాను. కొత్త సర్వీసు వైరు పైపులోంచి లాగించాను. షెడ్డు పక్కన గుంత తవ్వించి, ఎర్తు పైపు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోయించాను. మర్నాటికి ఆ పైపుకు పసుపు కుంకుమ పెట్టి ఉన్నాయి. అడ్డం చెప్పలేదు, ఎర్తింగుకు దానివల్ల నష్టం లేదు.

మంగళవారం నాడు నన్నెవరూ పిలవలేదు, నేనే పోయాను. పొద్దున్నే శూలాన్ని మరోసారి పరీక్షించాను, టెస్టర్ వెలగలేదు. సన్నగా వాన. రాజవ్వ బోరింగు కింద కూర్చుంది, ఆడవాళ్లు తల మీద బిందెలు కుమ్మరించారు. నీళ్లు కారుతూ వచ్చి, గద్దె ఎక్కి, రెండు చేతులతో శూలం పట్టుకుంది. గొలుసు ముట్టలేదని మూడుసార్లు చెప్పింది. నా పని మీద నాకు నమ్మకమే గాని, ఆ మూడు మాటలు అయ్యేదాకా ఆమె చేతుల మీంచి కన్ను తియ్యలేదు. ఏమీ కాలేదు. ఆమె చేతులు తీసి జనం వైపు చూసింది.

అప్పుడు గంగారెడ్డి లేచాడు.

"గిది చెల్లది. అమ్మ ఉంటే గదా ప్రమాణం? గీ సారు వచ్చి అమ్మను ఎల్లగొట్టిండు. ఇప్పుడు గది ఉత్త ఇనుము. ఉత్త ఇనుము నేను సుత పట్టుకుంట."

జనంలో గుసగుస మొదలైంది. నిజమే, మొన్నటిదాకా కొట్టేది, ఇప్పుడు కొట్టడం లేదు. చివరికి తీర్మానం ఇట్లా తేలింది. పాత తీగ మళ్లీ తగిలించి ప్రమాణం చేయించాలి. లేదా, అమ్మ శూలంలోనే ఉన్నదని కరెంటు ఆఫీసు కాగితం మీద రాసి, ముద్ర వేసి ఇవ్వాలి. రెండూ కాకపోతే రాజవ్వ దొంగే.

నా స్థితి చూడండి. కరెంటే కొట్టింది, అమ్మ కాదు అని నిజం రాస్తే ప్రమాణం చెల్లదు, ఆమెకు ఊరు బంద్. అమ్మ ఉన్నదని రాస్తే ఆమె బయటపడుతుంది, నా మీద విచారణ పడుతుంది. నేను వచ్చి ఆమె ప్రాణం కాపాడాను, అదే చేత్తో పరువు తీసేటట్టున్నాను. రాజవ్వ తడిచీరతో వణుకుతూ నా వైపే చూస్తోంది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

మా శాఖలో ఒక అలవాటు ఉంది. ఎక్కడైనా పాత సామాను విప్పితే 'తొలగించిన సామాను వివరాలు' అని ఒక కాగితం రాసి ఇస్తాం. లేకపోతే రేపు జనం, "మీవాళ్లు మా మోటర్ సుత ఎత్తుకపోయిన్రు" అంటారు. గుడి పని తాలూకు ఆ కాగితం ఇంకా రాయలేదు. సంచిలోంచి తీసి, షెడ్డు కింద కూర్చుని రాశాను. "ఈ స్థలం నుంచి మా శాఖ తొలగించినవి: అనుమతి లేని తీగ, దాని కొక్కెం, శూలానికి పారుతున్న కరెంటు. ఇవి తప్ప ఈ స్థలం నుంచి మా శాఖ మరేదీ తొలగించలేదు. తొలగించే అధికారం కూడా మా శాఖకు లేదు." సంతకం పెట్టి, సెక్షన్ ముద్ర వేసి, మైకులో చదివాను.

మొదట అందుకున్నది పూజారి మల్లయ్య. శూలం ఉత్త ఇనుమైతే తన గతి ఏమిటో ఆయనకు అప్పటికే తోచి ఉంటుంది.

"అమ్మ యాడికి పోతది? సర్కారే రాసిచ్చింది, ఏం తీస్కపోలేదని!" అంటూ కొబ్బరికాయ ఎత్తి కొట్టాడు.

గంగారెడ్డి కాగితం తీసుకుని రెండుసార్లు చదువుకున్నాడు. అమ్మ లేదని ఇంకా అంటే తన కమిటీయే లేదు. ముద్ర సరిగ్గా పడిందా లేదా అని మాత్రం చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఊరు బంద్ మాట మళ్లీ ఎత్తలేదు. రాజవ్వ గద్దె దిగి, బట్టలు మార్చుకోవడానికి ఇంటికి పోయింది.

నా నివేదిక చదివి డీఈ గారు ఫోన్ చేశారు. కరెంటు సంగతి సరే, అమ్మ ఉందా లేదా అన్న మొదటి అంశానికి జవాబేదని అడిగారు. దానికి తగిన పరికరం స్టోర్సులో లేదని రాశాను కదండీ అన్నాను. ఆయన నవ్వి, ఆ వాక్యం కొట్టేసి, "లీకేజీ సవరించబడినది" అని పైకి పంపారు. కొన్నాళ్లకు రాజవ్వ సెల్‌ఫోనుకు మెసేజీ వచ్చిందట, మీ సమస్య పరిష్కరించబడింది అని.

గొలుసు దొరికిందో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత ఆ ఊళ్లో శూలం పట్టుకున్నవాళ్లంతా నిర్దోషులే అయ్యారని విన్నాను. వాళ్లలో అసలు దొంగలూ ఉండే ఉంటారు, కాని ఈ ఫలితం తప్పని ఎవరూ అర్జీ పెట్టలేదు. ఏడాది తిరక్కుండా గంగారెడ్డి మా ఆఫీసుకు వచ్చాడు. గుడి ముందర సీసీ కెమెరాలు పెడుతున్నారట, లోడు పెంచమని దరఖాస్తు. అమ్మ ఉండగా కెమెరా ఎందుకని నేను అడగలేదు, మా దరఖాస్తులో ఆ ప్రశ్నకు గడి లేదు.

ఈ వ్యవహారం వల్ల నేను నేర్చుకున్నది ఇంతే. టెస్టర్ కరెంటునే కొలుస్తుంది. జనం దాన్ని అడిగేది మాత్రం వేరే, వచ్చిన జవాబును తీసుకుపోయి ఎవరో ఒక మనిషి నెత్తిన పెడతారు. నివేదిక రాసే అధికారికి ఆ మనిషి ఎవరో తెలిసి ఉండాలి. తెలియకపోయినా నిజమే రాస్తాడు. అప్పుడు ఆ నిజంతోనే ఇంకో రాజవ్వ దొంగ అవుతుంది.