పేరు చెక్కని బిందె

2023 వేసవి. నందిగామ బస్టాండుకు కాస్త ఎడంగా, ఒక మందుల షాపు మీద మేడగదిలో నా ఆఫీసు. ఆఫీసంటే రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, అవసరానికి ఎప్పుడూ పనిచేయని ఒక ఇన్వర్టరు. చిన్న వ్యాపారాలకు ఆన్‌లైన్‌లో ప్రకటనలు చేసిపెట్టడం నా పని. బట్టల కొట్లవాళ్ళు, ట్యూషన్ సెంటర్లవాళ్ళు, ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్మే ఆడవాళ్ళు వస్తుంటారు. వచ్చిన ప్రతివాళ్ళూ మొదట అడిగేది ఒకటే, "మా యాడ్ ఎంతమందికి కనపడుద్దండీ?" అని. కోటేశ్వరరావు గారు మాత్రం ఆ మాట అడగలేదు.

ఆయనది జగ్గయ్యపేటలో పాత్రల కొట్టు. స్టీలు, ఇత్తడి, రాగి అన్నీ ఉంటాయి. తండ్రి నాటి వ్యాపారం. జగ్గయ్యపేటలోనూ నా పని చేసే కుర్రాళ్ళున్నారు. వాళ్ళను కాదని ఆయన ఎండలో బస్సెక్కి నందిగామ దాకా వచ్చారంటే నా పేరు అంత దూరం పాకిందన్నమాట అనుకుని, లోపల్లోపల కాస్త పొంగిపోయాను.

ఫేస్‌బుక్ యాడ్‌లో టార్గెటింగ్ అని ఒకటుంటుంది. మన ప్రకటన ఏ ఊళ్ళో, ఏ వయసువాళ్ళకు కనపడాలో ముందే ఎంచుకోవడం. ఈ వృత్తిలో సగం తెలివి అక్కడే కావాలి. పాత్రల కొట్టుకు అదేమంత కష్టం కాదు. జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు, సరిహద్దు దాటితే కోదాడ వైపు పల్లెలు. మ్యాపు మీద అవన్నీ గుర్తు పెట్టి చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని చాలాసేపు చూశారు.

"ఇందులో నందిగామ లేదేంటమ్మా?"

"నందిగామ వాళ్ళు సామాను కొనాలంటే విజయవాడ పోతారు బాబాయ్. వెనక్కి మీ దగ్గరికి ఎందుకొస్తారు?"

"అందరూ రావక్కర్లేదులే. పెట్టు."

సరేనని పెట్టాను. తరువాత ఫోటో దగ్గర పేచీ వచ్చింది. తళతళలాడే డిన్నర్ సెట్టు పెడదామని నేను, కొట్టులో పై అరలో ఉన్న ఇత్తడి బిందె పెట్టాలని ఆయన. ఆ బిందె మీద పేరు లేదు. మా వైపు పాత్ర కొంటే పేరు చెక్కించకుండా ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు తక్కువ. పెళ్ళి సారె సామానైతే ఇక చెప్పక్కర్లేదు. పెళ్ళికూతురి పేరు, ఇచ్చినవాళ్ళ పేరు, తేదీ, అన్నీ ఉండాల్సిందే. అలాంటి చోట బోసిగా ఉన్న బిందె చూపించి ఏం అమ్ముతామని విసుక్కున్నాను. ఆయన వినలేదు సరికదా, యాడ్‌లో పెట్టాల్సిన వాక్యం కూడా తనే చెప్పారు. "ఈ బిందె మీద పేరు ఇంకా చెక్కలేదు." అంతే.

"ఇదేం వాక్యం బాబాయ్? ధర లేదు, తగ్గింపు లేదు."

"అర్థమయ్యేవాళ్ళకి అర్థమవుద్దిలే."

నాకు ఒళ్ళు మండింది. అయినా కొట్టు ఆయనది, బిందె ఆయనది అని సర్దుకుని యాడ్ వదిలాను.

విచిత్రం ఏమిటంటే అది బాగానే పనిచేసింది. మా అమ్మ బిందె కూడా ఇలాగే ఉండేదని, అది ఇప్పుడు ఎవరి వాటాకు పోయిందో తెలియదని జనం కామెంట్లు రాశారు. వత్సవాయి నుంచి ఒక కుటుంబం గృహప్రవేశానికి సామానంతా ఆయన దగ్గరే తీసుకుంది. గొప్పగా ఫోన్ చేసి చెప్పాను.

"సంతోషం తల్లీ. నందిగామ నుంచి ఎవరన్నా పలకరించారా?" అన్నారు.

ఎవరూ పలకరించలేదు. ఆయన మాత్రం వారానికోసారి వచ్చి అదే ప్రశ్న వేసేవారు. ఒకరోజు నా పక్క కుర్చీలో కూర్చుని, మెల్లగా అడిగారు.

"చూసినవాళ్ళ పేర్లు వస్తాయా అమ్మా ఇందులో?"

"రావు బాబాయ్. రీచ్ అని వస్తుంది. ఎంతమంది చూశారో చెబుద్ది గానీ, ఎవరు చూశారో చెప్పదు."

"ఎంతమందైతే నాకెందుకు? ఒక్కడు చూశాడో లేదో తెలిస్తే చాలు," అన్నారు. కళ్ళజోడు తీసి కండ్లు తుడుచుకున్నారు.

మంచినీళ్ళిచ్చాను. అప్పుడు చెప్పారు చారి గారి సంగతి.

కొట్టు అరుగు మీద ఏళ్ళ తరబడి కూర్చుని పేర్లు చెక్కిన మనిషి చారి గారు. ఊరంతా మిషన్లు వచ్చినా ఆయన ఉలి, చిన్న సుత్తి వదల్లేదు. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే క్యారేజీ విప్పుకుని తినేవారట. చూపు మందగించాక చారి గారు నందిగామలో కూతురి దగ్గరికి వచ్చేశారు. వచ్చేస్తూ ఒకే మాట అడిగారట, "అమ్మాయి సారె మీద పేర్లు మాత్రం నేనే చెక్కుతా శెట్టిగారూ, మిషన్‌కి ఇవ్వబాకండి" అని.

కోటేశ్వరరావు గారి అమ్మాయి పెళ్ళి సరిగ్గా కరోనా రోజుల్లో కుదిరింది. ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచే వీలు లేక, అందరికీ వాట్సాప్‌లో కార్డు పంపారు. చారి గారు రాలేదు. ఎందుకు రాలేదో ఫోన్ చేసి చెప్పనూ లేదు.

"నాకూ కోపమొచ్చింది. సామానంతా మిషన్ మీద కొట్టించా. బిందె మాత్రం చేతులు రాక ఆపేశా. అమ్మాయి అడిగితే తరవాత పంపుతాలే అన్నా. ఇప్పుడు కోపమేం లేదమ్మా. ఆ అరుగు వంక చూస్తే అన్నం సయించట్లా, అంతే."

"మరి ఒక ఫోన్ చేయొచ్చుగా బాబాయ్?"

"పిలిస్తే రాని మనిషికి మళ్ళీ నేనే చెయ్యాలా?"

అందుకని ఊరందరికీ కనపడేలా యాడ్ వేయించారు, కూతురైనా చూపిస్తే ఆ ఒక్క మనిషి కంట పడుతుందని. నందిగామలో నా ఆఫీసు వెతుక్కుంటూ రావడం కూడా నా పేరు విని కాదు. ఆ వంకతో ఈ ఊళ్ళో బస్సు దిగొచ్చని. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఆ కార్డు ఎట్లా పంపారు బాబాయ్?"

"మా తమ్ముడి కొడుకు చేసిపెట్టాడు. ఒక్కసారి నొక్కితే అందరికీ పోయిద్దంటగా, బ్రాడ్‌కాస్టో ఏదో."

బ్రాడ్‌కాస్ట్ అంటే ఒకే సందేశాన్ని ఒకేసారి చాలామందికి పంపడం. అందులో ఒక మెలిక ఉంది. మన నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది. మిగతావాళ్ళకు చేరదు, చేరలేదని మనకు ఎవరూ పనిగట్టుకుని చెప్పరు. నా దగ్గరికొచ్చే ప్రతి కొట్టువాళ్ళకూ మొదటిరోజే ఈ సంగతి చెబుతాను.

"చారి గారి ఫోన్‌లో మీ నంబరు సేవ్ అయ్యుందా?"

"భలేదానివమ్మా. నా నంబరు చారి దగ్గర లేకపోవడమేంటి?" అన్నారు గానీ, ఆ మాటలో ధీమా లేదు.

యాడ్ ఆపేస్తున్నానని, చారి గారింటికి వెళ్ళి అడిగితే తప్ప ఇది తేలదని చెప్పాను. మరుసటి ఆదివారం భార్యను వెంటబెట్టుకుని, బిందెను తుండుగుడ్డలో చుట్టుకుని వచ్చారు. నువ్వు కూడా ఉంటే కాస్త ధైర్యమని నన్నూ తీసుకెళ్ళారు.

చారి గారు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మమ్మల్ని పోల్చుకోవడానికి కొంచెం సమయం పట్టింది. పోల్చుకున్నాక లేచి నిలబడ్డారు గానీ రమ్మనలేదు. కోటేశ్వరరావు గారు వాకిలి మెట్టు మీద నిలబడే అడిగేశారు.

"అమ్మాయి పెళ్ళికి రాలేదేం చారీ?"

"పిలవలేదుగా శెట్టిగారూ," అన్నారాయన నెమ్మదిగా. "యాభై మందికే పర్మిషన్ అన్నారు. నేను యాభై ఒకటో వాణ్ణేమోలే అనుకున్నా."

"కార్డు పంపానయ్యా."

"ఏం కార్డు?"

నేను చారి గారి ఫోన్ అడిగి తీసుకున్నాను. అందులో కూతురి నంబరుంది, అల్లుడిది ఉంది, పాలవాడిది, కళ్ళ డాక్టరుది ఉన్నాయి. కోటేశ్వరరావు గారిది లేదు. పేరు మార్చి మార్చి వెతికాను. ఆయన నా భుజం మీదుగా చూస్తూనే ఉన్నారు.

"నా నంబరే లేదా చారీ నీ దగ్గర?" అన్నారు. అంత చిన్నబోయిన మొహం నేను మళ్ళీ చూడలేదు.

"ఎందుకుండాలండీ?" అన్నారు చారి గారు. "మన కొట్టు బిందెలన్నిటికీ అడుగున ఆ నంబరు చెక్కింది నేను కాదూ? అదింక ఫోన్లో దాచుకోవాలా?" అంటూ పది అంకెలూ గడగడా చెప్పేశారు. "పెళ్ళిరోజు పొద్దున కూడా నొక్కా. మోగకముందే ఆపేశా."

కోటేశ్వరరావు గారు ఆ మెట్టు మీదే కూలబడి ఏడ్చేశారు. ఆయన భార్య లోపలికి వెళ్ళి చారి గారి కూతురికి బొట్టు పెట్టారు. నాకూ కళ్ళనీళ్ళు ఆగలేదు. చారి గారు తుండుగుడ్డ విప్పి, బిందె మెడ చుట్టూ బొటనవేలితో తడిమి చూశారు.

"చెయ్యి వణుకుద్ది శెట్టిగారూ. అక్షరాలు వంకర పోతయ్యి."

"పోనీ," అన్నారు కోటేశ్వరరావు గారు.

యాడ్లు వద్దని నేను ఎవరికీ చెప్పను. అది నా బతుకుతెరువు. మన పేరు తెలియనివాళ్ళకు మన పేరు చెప్పడానికి అంతకంటే మంచి దారి ఈ రోజుల్లో లేదు. కానీ ఇప్పుడు కొట్టు ప్రారంభోత్సవమనో, పండగ అమ్మకాలనో అందరికీ ఒకే సందేశం పంపమని వచ్చేవాళ్ళను నేను ముందుగా ఒకటి అడుగుతున్నాను, మీ నంబరు నోటికి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ఉంటే వాళ్ళను ఇందులో కలపొద్దు, మీరే పిలవండి అంటాను. చాలామంది నవ్వి ఊరుకుంటారు. అప్పుడప్పుడూ ఒకరు మాత్రం ఇప్పుడే వస్తానని ఫోన్ తీసుకుని మెట్లు దిగి వెళ్తారు.