వెంట్రుకంత దూరంలో

ఆ ప్రయోగశాలలో అందరూ ఆవిడను సాలీడు మేడమ్ అనేవాళ్లు. ఎప్పుడు చూసినా ఏదో ఒకటి వేలాడదీస్తూ ఉండేది మరి. నేలమాళిగలో, గాలంతా తోడేసిన ఉక్కు డబ్బాలో, వెంట్రుక కన్నా సన్నని తీగకు ఒక లోహపు బిళ్ల వేలాడేది. దాని కింద ఇంకో బిళ్ల మెల్లగా తిరిగేది. విద్యుత్తు ఒకదాని నుంచి ఒకదానికి సోకకుండా మధ్యలో బిగించిన పల్చటి రేకు. వస్తువులు దగ్గరయ్యేకొద్దీ వాటి ఆకర్షణ ఎంత పెరగాలో పాత లెక్క ఒకటి ఉంది. వెంట్రుక మందమంత దూరంలోనూ అది నిలుస్తుందా అన్నదే ఆవిడ వెతుకులాట. పెళ్లికి ముందు మొదలైంది, జుట్టు నెరిసినా తెమల్లేదు.

"ఏదైనా కిందికే కదమ్మా పడేది, ఇంకా అనుమానమేమిటి?" అనేది అత్తగారు.

"పక్కకి కూడా లాగుతుందత్తయ్యా, ఎంతో తెలియాలిగా," అని నవ్వేసేది.

ఆ ఏడాది పైబిళ్ల లెక్కకు మించి కదిలింది. రవ్వంతే, కానీ ప్రతిసారీ. డైరెక్టరు మొహం చాటంత అయింది. మూసేద్దామనుకున్న గది గురించి పెద్దల దగ్గర గొప్పగా చెప్పుకొచ్చాడు. ఆవిడకు మాత్రం అన్నం సహించలేదు. రేకు ఎక్కడైనా వదులైతే విద్యుత్తే ఈ మాయంతా చేయగలదు.

"ఒకసారి తెరిచి చూస్తాను సార్."

"తెరిస్తే తీగ తెగుతుంది. ఉన్నది ప్రకటిద్దాం."

"తప్పైతే?"

"ఎవరో ఒకరు తేలుస్తారులే. అప్పటిదాకా గది మనకుంటుంది."

ఆ మాట ఆవిడకూ నచ్చింది. నచ్చినందుకే భయం వేసింది. రోజూ మూత మీద చెయ్యి వేయడం, తీసేయడం. చివరికి ఎవరికీ చెప్పకుండా తెరిచింది.

రేకు ఒక మూల జారి ఉబ్బి ఉంది. బాగా చూద్దామని వంగితే మోచెయ్యి చట్రానికి తగిలింది. చప్పుడైనా లేకుండా తీగ తెగింది.

ఆవిడ చేసిన ఫోను అందుకుని, బస్సు డ్రైవరుగా పనిచేసే భర్త డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. ఆవిడ నేల మీద కూర్చుని ఉంది.

"పోయిందా?"

"తీగా పోయింది, ఫలితమూ పోయింది. అసలది ఫలితమే కాదు."

"పద, ఇంటికెళ్దాం."

"ఇంటికెళ్లి ఏం చెయ్యనండీ?"

ఆయన వచ్చి పక్కన చతికిలబడి ఆవిడ చేతి తొడుగులు ఒక్కో వేలూ లాగి తీశాడు.

డైరెక్టరు తిట్టలేదు. ఏడాది చివర గది ఖాళీ చేయమన్నాడు, అంతే. ఆవిడ మళ్లీ తీగ కట్టబోయింది. ముడి బిగించేలోపే కొత్త తీగలూ తెగాయి. ఎట్టకేలకు ఒకటి నిలిచింది. కొత్త రేకు బిగిసింది. బిళ్ల ఈసారి లెక్క ప్రకారమే, పిసరంత తేడా లేకుండా కదిలింది.

"ఒక్కసారి నా చేతుల్లో ఆ లెక్క తప్పితే బాగుండునని ఆశపడ్డాను," అంది భర్తతో.

"తప్పలేదని తేల్చిందీ నువ్వేగా."

"అది ఎవరికి కావాలండీ?"

ఆ ఫలితం ఒక పత్రికలో నాలుగు పేజీలుగా వచ్చింది. ఆ గది ఇంకొకరిదైంది. ఆవిడ అడిగి పుచ్చుకున్న ఉక్కు డబ్బా లిఫ్టులో పట్టలేదు. చెరో పక్కా పట్టుకుని భార్యాభర్తలు నేలమాళిగ మెట్లెక్కారు.

"కాసేపు దించుదామా?" అన్నాడాయన రొప్పుతూ.

"వద్దు. దించితే మళ్లీ ఎత్తలేను," అంది ఆవిడ.