బటన్ మీద ఆదితాళం

ఎనభయ్యో ఏట వీరభద్రరావుగారికి రెండే వ్యాపకాలు మిగిలాయి: మృదంగం, కారు. ప్రతి శనివారం తాముండే ఏజాక్స్ ఊళ్ళో నలుగురు పెద్దవాళ్ళను ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని, డిక్కీలో మృదంగం పడుకోబెట్టి, భజనకు తీసుకువెళ్ళేది ఆయనే. ఆయన కారు ఆగితే భజన ఆగిపోతుందని నలుగురూ అంటారో లేదో తెలియదు, ఆయన మాత్రం అంటారు. అందుకే లైసెన్సు రెన్యువల్ ఆఫీసులో “పక్క చూపు అనుమానంగా ఉంది, కంటి డాక్టరు కాగితం తెండి” అన్న రోజు ఆయనకు అన్నం సయించలేదు.

“నాకు పక్క చూపు లేదా! వాయిస్తూనే పాడేవాళ్ళ మూతి చూస్తాను, తాళం వేసే చెయ్యి చూస్తాను, వెనక వరసలో ఎవరు ఆవలించారో కూడా చెప్తాను.”

“నేను సైగ చేస్తే మాత్రం కనబడదు,” అంది భార్య సీతాదేవి.

క్లినిక్‌లో పరీక్ష చేసే అమ్మాయి భవిత. ఇక్కడే పుట్టి పెరిగింది, తెలుగు కూడబలుక్కుని మాట్లాడుతుంది. ఆయన ఎడమ కంటికి గంత కట్టి, పెద్ద తెల్ల గిన్నె బోర్లించినట్టున్న మెషిన్‌లో తల పెట్టించి, చేతికి బటన్ ఇచ్చింది.

“అంకుల్, మిడిల్‌లో ఎల్లో డాట్ ఉంది కదా? కన్ను దాని మీదే. చుట్టూ చిన్న లైట్స్ వస్తాయి. అటు చూడొద్దు. కనిపిస్తే ప్రెస్ చేయండి, అంతే.”

మొదటి అర నిమిషం ఆయన నిజాయితీగానే నొక్కారు. ఆ తరువాత దీపానికీ దీపానికీ మధ్య వ్యవధి వేలికి తెలిసిపోయింది. ఇక కంటితో పనేముంది? బొటనవేలు ఆదితాళం అందుకుంది. ఆయన చురుగ్గా నొక్కేకొద్దీ మెషిన్ కూడా చురుగ్గా దీపాలు వేయసాగింది. ఓహో, పోటీయా, అనుకున్నారాయన. రెట్టింపు వేగంతో రెండో కాలం ఎత్తుకున్నారు. చివరికి ముచ్చటైన ముక్తాయింపు ఇచ్చి, గిన్నెలోంచి తల తీసి, మెచ్చుకోలు కోసం చూశారు.

భవిత స్క్రీన్‌ను ఆయన వైపు తిప్పింది.

“అంకుల్, మధ్యలో మెషిన్ కావాలనే ఆగుతుంది, చెక్ చేయడానికి. లైట్ లేనప్పుడు కూడా ప్రెస్ చేశారు.”

“ఖాళీ వస్తే నింపొద్దటమ్మా?”

“ఈ రిపోర్ట్ చూస్తే మీకు గోడ అవతల కూడా కనిపిస్తోంది! డాక్టర్ సైన్ చేయరు. ఇంకొక్కసారి ట్రై చేద్దాం. అదీ ఇలాగే వస్తే నెక్స్ట్ అపాయింట్‌మెంట్ సిక్స్ వీక్స్ తర్వాతే.”

లైసెన్సు గడువు ఇంకా మూడు వారాలే ఉంది. ఆయన ముఖం వాడిపోయింది. “నేను నొక్కడం లేదమ్మా, వేలే నొక్కేస్తోంది. డెబ్భై ఏళ్ళ అలవాటు.”

మూల కుర్చీలో హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సీతాదేవి గొంతు సవరించుకుంది. “ఏమండీ, ఇది కీర్తన అనుకుంటున్నారు మీరు. కాదు, ఆలాపన.”

“అంటే?”

“ఆలాపనలో తాళం ఉండదు కదా. మీరేం చేస్తారు? మృదంగం మీద చేతులు పెట్టుకుని ఊరికే వింటారు. పాడేవాళ్ళ గొంతులో మంచి సంగతి పడితే ఆహా అంటారు. పడకపోతే నోరు మూసుకుంటారు. ఇదీ అంతే.”

ఆయన భార్యను ఎగాదిగా చూసి, మళ్ళీ గిన్నెలో తల పెట్టారు.

ఈసారి వేలు బుద్ధిగా కూర్చుంది. కింద ఎడమన ఒక మిణుకు. “ఆహా,” అంటూ నొక్కారు. కుడి పక్కన దూరంగా ఇంకొకటి, ఉందా లేదా అన్నంత. “ఆహా!” బయట కూర్చున్న పేషెంట్లు తలుపు వైపు చూడసాగారు. చుక్క మీదనుంచి కన్ను కదలకుండానే, చుట్టూ అంత వైశాల్యం తన ధ్యాసలోకి రావడం ఆయనకు తమాషాగా ఉంది.

అయితే పైన కుడి మూల నుంచి ఎంతకీ ఏమీ రాలేదు. మెషిన్ టక్కుమంది. దీపం వేసినప్పుడల్లా వచ్చే చప్పుడే అది. ఆయనకు మాత్రం కనబడలేదు. మళ్ళీ టక్కు. వేలు లాగింది. నొక్కితే ఎవరికి తెలుస్తుంది? శనివారం, కారు, నలుగురు పెద్దవాళ్ళు... పడని సంగతికి ఆహా అన్నవాణ్ణి ఆయన జీవితంలో క్షమించలేదు. నొక్కలేదు.

ఎడమ కన్ను కూడా అయ్యాక భవిత కాగితాలు పట్టుకుని డాక్టరు గదిలోకి వెళ్ళింది. ఆ పది నిమిషాలూ ఆయన దేన్నీ వాయించలేదు, మోకాలిని కూడా.

“సైన్ చేశారు అంకుల్! పక్కలకి బాగానే ఉంది, డ్రైవ్ చేయొచ్చు. రైట్ ఐలో పైన కొంచెం డల్‌గా ఉంది. ఫస్ట్ టెస్ట్‌లో అది దాగిపోయింది. ఇక రోజూ డ్రాప్స్ వేసుకోవాలి, రెండు నెలలకోసారి రావాలి.”

“పైన చూపు తక్కువంటావా?” ఆయన గొంతులో ఒక్కసారిగా హుషారు. “విన్నావా సీతా? వంటింట్లో బల్బు మాడిపోయింది, మాడిపోయింది అని నెల్లాళ్ళుగా నా ప్రాణం తీస్తున్నావు. కనబడందే ఎలా మారుస్తాను?”

భవిత తల అడ్డంగా ఊపింది. “నో అంకుల్. ఎడమ కన్ను పర్ఫెక్ట్. రెండూ తెరిస్తే అక్కడ కూడా కనిపిస్తుంది.”

“ఆహా!” అంది సీతాదేవి.

ఆయన సంతకమైన కాగితాన్ని రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుని, కారు తాళాలు చేతిలోకి తీసుకున్నారు.

“దారిలో ఆగి బల్బు కొనాలి,” అందామె.

“కొంటానులేవే. నేనే డ్రైవ్ చేస్తున్నాగా.”